నాలుగేళ్ళ బాబుకి సున్తీ చేయించమన్నారు, చేయించాలా ఆగాలా?

అమ్మా, మీరు రాసిందంతా చదివాను. బాబుకి నాలుగేళ్ళు. ఉచ్చ పోసేటప్పుడు చివర చర్మం బుడగలా ఉబ్బుతోంది. పోయిన నెలలో ఒకసారి ఎర్రగా వాచి, మంట అని ఏడ్చాడు. దగ్గర్లో ఉన్న డాక్టరు గారు చూసి "ఫైమోసిస్ (చివరి చర్మం బిగుతు), సున్తీ చేయించేయండి, చిన్న ఆపరేషనే" అన్నారు. మీ అత్తగారేమో "మన ఇళ్ళల్లో అవన్నీ చేయించరు, రోజూ నూనె రాసి వెనక్కి లాగుతుంటే అదే వదులవుతుంది" అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మీ ఆడపడుచు "ఇక్కడ పుట్టగానే చేసేస్తారు, మంచిదే" అంటోంది. మీ మామగారికి షుగర్ ముదిరి, అరవై దాటాక ఇదే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది కాబట్టి, "వీడికి ఆ అవస్థ ఎందుకు, ఇప్పుడే అయిపోతే పోతుంది కదా" అన్నది మీవారి మాట. అందరి మాటా వింటూ మీకు టెన్షన్ పెరిగిపోతోంది.

పిల్లల సర్జన్‌గా ఓపీలో ఈ ప్రశ్న నాకు ఏళ్ళ తరబడి ఎదురవుతూనే ఉంది. జవాబు ముందే చెప్పేస్తాను. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇప్పటికిప్పుడు సున్తీ అవసరం ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. నిశ్చింతగా ఆగవచ్చు. అయితే పిల్లల సర్జన్ ఒకరు బాబును స్వయంగా చూసి, ఆ చర్మం మీద మచ్చ లేదని చెప్పాలి. ఒక పని మాత్రం అంతవరకూ ఆగకుండా ఈ రోజే మానేయండి. స్నానం చేయించేటప్పుడు చర్మాన్ని వెనక్కి లాగడం.

ఎందుకో చెబుతాను. మగపిల్లవాడు పుట్టినప్పుడు అంగం చివరి చర్మం లోపలి పొర, గుండ్రటి మొన భాగం విడివిడిగా ఉండవు. గోరు వేలికి అతుక్కుని ఉన్నట్టు రెండూ ఒకటిగా అతుక్కుని ఉంటాయి. పెరిగేకొద్దీ రెండింటి మధ్యా ఉన్న కణాలు కొద్దికొద్దిగా రాలుతూ, వాటంతట అవే విడిపోతాయి. ఒక పిల్లవాడికి రెండేళ్ళకే చర్మం పూర్తిగా వెనక్కి వస్తుంది, ఇంకొకడికి పదేళ్ళు దాటాక వస్తుంది. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్నట్టే. బ్రిటన్‌లో డగ్లస్ గెయిర్డ్నర్ అనే పిల్లల డాక్టరు 1949లో దీని మీద ఒక వ్యాసం రాశారు. అప్పుడే పుట్టిన పిల్లల్లో చర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది 4 శాతం మందికేనని అందులో చూపించారు. 1968లో డెన్మార్క్ డాక్టరు యాకబ్ ఓస్టర్ బడి పిల్లలను ఏళ్ళ తరబడి పరీక్షించి రాసిన లెక్క ఇంకా ఉపయోగపడుతుంది. 6, 7 ఏళ్ళ పిల్లల్లో 63 శాతం మందికి చర్మం ఇంకా ఎక్కడో ఒకచోట అతుక్కునే ఉంది. 16, 17 ఏళ్ళు వచ్చేసరికి అది 3 శాతానికి తగ్గింది. చివర బిగుతుగా ఉండి అసలు వెనక్కి రానివాళ్ళు 6, 7 ఏళ్ళప్పుడు 8 శాతం, 17 ఏళ్ళకు 1 శాతం. మధ్యలో వాళ్ళకి ఆపరేషన్లేమీ చేయలేదు, వయసు పెరిగింది, అంతే.

కాబట్టి నాలుగేళ్ళ పిల్లవాడి చర్మం వెనక్కి రాకపోవడం ఆ వయసుకు మామూలు సంగతే. చీటీ మీద 'ఫైమోసిస్' అని రాసి ఉండటం చూసి మీరు కంగారు పడ్డారు. వయసుతో వదులయ్యే బిగుతుకీ, జబ్బు వల్ల వచ్చే బిగుతుకీ మన దగ్గర ఆ ఒక్క మాటే రాస్తుంటారు. తేడా తెలిసేది చూస్తేనే.

ఆ తేడా ఎలా చూస్తామంటే, చర్మాన్ని వెనక్కి నెట్టం. రెండు వేళ్ళతో చర్మాన్ని మెల్లగా పట్టుకుని, ఒంటి వైపు కాస్త ఆనిస్తాం. మామూలు బిగుతు అయితే రంధ్రం దగ్గర చర్మం మెత్తగా ముడుచుకుని ఉండి, లోపలి గులాబీ రంగు పొర కొంచెం బయటికి తొంగి చూస్తుంది. నొప్పి ఉండదు, పిల్లవాడు నవ్వుతూనే ఉంటాడు. జబ్బు వల్ల అయితే రంధ్రం చుట్టూ తెల్లటి, గట్టి వలయం కనిపిస్తుంది. చర్మం పాలిపోయి మెరుస్తూ, సాగకుండా, ఎండిన తోలులా ఉంటుంది. కొంచెం కదిపితే పగుళ్ళు వచ్చి రక్తపు చార కనిపిస్తుంది. దీన్ని బీఎక్స్‌ఓ అంటాం. చర్మం మచ్చకట్టి బిగుసుకుపోయే జబ్బు ఇది. అయిదేళ్ళ లోపు చాలా అరుదు, బడికి వెళ్ళే వయసులోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఇలా జబ్బు వల్ల వచ్చే ఫైమోసిస్ ఎంతమందిలో ఉంటుందో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ సర్జన్లు 1999లో లెక్క వేశారు. 15 ఏళ్ళు వచ్చేలోపు 0.6 శాతం మందికి. అంటే వెయ్యి మంది మగపిల్లల్లో ఆరుగురికి. మీ బాబు ఆ ఆరుగురిలో ఉన్నాడేమో చూడాలి. అందుకే సర్జన్ దగ్గరికి వెళ్ళమంటున్నాను. బీఎక్స్‌ఓ అని తేలితే మాత్రం నా మాట కూడా మారిపోతుంది. అప్పుడు సున్తీయే సరైన వైద్యం, ఆలస్యం చేయకూడదు. వదిలేస్తే ఆ మచ్చ మూత్రం వచ్చే రంధ్రం దాకా పాకి దాన్నీ ఇరుకు చేస్తుంది.

కావాలంటే ఫోటో తీసి ఇక్కడ పెడతానని చివర్లో రాశారు. దయచేసి పెట్టకండి. పిల్లవాడి ఒంటి ఫోటో ఇంటర్నెట్‌లోకి ఒకసారి వెళితే మళ్ళీ వెనక్కి రాదు. నాకైనా సరే పంపవద్దు. పైగా ఫోటో చూసి ఇది తేల్చడం కూడా కష్టమే.

ఇక ఉబ్బడం గురించి. తల్లులను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే. నిజానికి లోపలి పొరలు విడిపోవడం మొదలైందనడానికి ఇది గుర్తు. లోపల కొంచెం ఖాళీ ఏర్పడింది, చివరి రంధ్రం ఇంకా ఇరుకుగానే ఉంది. మూత్రం ఒక్క క్షణం ఆ ఖాళీలో నిండి బయటికి వస్తుంది. దీనివల్ల కిడ్నీ మీద ఒత్తిడి పడదు, మూత్రం లోపల నిలిచిపోదు. చాలామందిలో కొన్ని నెలలు కనిపించి ఆగిపోతుంది. మీరు గమనించాల్సింది ధార. బాబు నిలబడి పోస్తే ధార ముందుకు పడుతోందా? పడుతుంటే భయం లేదు. ముక్కుతూ, ముఖం ఎర్రబడేలా బలం పెడుతూ, చుక్కలు చుక్కలుగా మాత్రమే పోస్తుంటే అది వేరే విషయం. అప్పుడు త్వరగా చూపించాలి, అల్ట్రాసౌండ్ కూడా తీయించాలి.

కొందరు పిల్లలకు చర్మం కింద తెల్లగా, గింజల్లా ఉండలు కనిపిస్తాయి. చీము అనుకుని యాంటీబయాటిక్స్ వాడినవాళ్ళను చాలామందిని చూశాను. అవి రాలిన కణాలే, ముద్దగా చేరి ఉంటాయి. వాటంతట అవే బయటికి వచ్చేస్తాయి. నొక్కి తీయాల్సిన పని లేదు.

ఎర్రగా వాచి మంట అన్నాడని రాశారు. ఒక్కసారి అలా వచ్చినంత మాత్రాన సున్తీ చేయం. తడి చడ్డీలో ఎక్కువసేపు ఉండటం, సబ్బు, స్నానం నీళ్ళలో కలిపే డెట్టాల్ లాంటివి, పౌడరు, ఇవన్నీ ఆ లేత చర్మాన్ని మండిస్తాయి. మన ఇళ్ళల్లో ఇంకొకటి ఉంది, సున్నిపిండి. నలుగు పెట్టి స్నానం చేయించేటప్పుడు ఆ పిండి ముడతల్లో ఇరుక్కుని, సరిగ్గా కడగకపోతే అక్కడే ఉండి ఒరుసుకుంటుంది. ఒళ్ళంతా నలుగు పెట్టుకోండి, ఆ భాగాన్ని మాత్రం వదిలేయండి. మళ్ళీ వాపు వస్తే గోరువెచ్చని నీళ్ళు టబ్బులో పోసి రోజుకు రెండు మూడుసార్లు పది నిమిషాలు కూర్చోబెట్టండి. ఉచ్చ పోయడానికి భయపడుతుంటే ఆ నీళ్ళలోనే పోయనివ్వండి, మంట తెలియదు. జ్వరం వచ్చినా, ఎరుపు పొత్తికడుపు వైపు పాకినా డాక్టరుకు చూపించాలి. ఇలాంటి వాపు మళ్ళీ మళ్ళీ వస్తూ, క్రీములకు కూడా లొంగకపోతే అప్పుడు సున్తీ గురించి మాట్లాడుకోవడం సబబే.

ఇప్పుడు మీ అత్తగారి మాట దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఈ లాగడమే. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, వాళ్ళకి వాళ్ళ పెద్దవాళ్ళు అలాగే చెప్పారు. కొన్నిచోట్ల డాక్టర్లే "రోజూ కొంచెం కొంచెం వెనక్కి లాగండి" అని చెప్పి పంపుతుంటారు. అతుక్కుని ఉన్న పొరను బలవంతంగా విడదీస్తే కంటికి కనిపించీ కనిపించని చీలికలు పడతాయి. అవి మానేటప్పుడు మచ్చ కడతాయి. మచ్చ సాగదు. వయసుతో వదులు కావాల్సిన చర్మం ఆ మచ్చల వల్ల బిగుసుకుపోయి, చివరికి నిజంగానే ఆపరేషన్ దాకా వస్తుంది. సున్తీ వద్దనుకునే లాగుతారు, ఆ లాగడమే సున్తీకి దారి తీస్తుంది. మన సుశ్రుతుడు కూడా ఈ చర్మం బిగుసుకుపోవడాన్ని, వెనక్కి వెళ్ళి ఇరుక్కుపోవడాన్ని, నలపడం వల్ల, వెనక్కి నెట్టడం వల్ల చీలిపోవడాన్ని మూడు వేర్వేరు బాధలుగా పేర్లు పెట్టి మరీ చెప్పాడు. మీ అత్తగారికి ఈ మాట చెప్పి చూడండి, నా మాట కంటే అది ఆవిడకు నచ్చుతుందేమో.

లాగడం వల్ల ఇంకో ప్రమాదం ఉంది. ఎలాగో వెనక్కి వెళ్ళిన చర్మం తిరిగి ముందుకు రాకుండా మొన వెనక ఉంగరంలా బిగుసుకుపోవచ్చు. దీన్ని పారాఫైమోసిస్ అంటాం. మొన ఉబ్బి, ఎర్రగా, తర్వాత నీలంగా మారుతుంది. పిల్లవాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఇది గంటల్లో చూపించాల్సిన ఎమర్జెన్సీ. అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. చాలాసార్లు చేత్తో వాపు అదిమి చర్మాన్ని ముందుకు తెచ్చేస్తాం, ఆపరేషన్ అవసరం పడదు. తెల్లవారేదాకా చూద్దామని కూర్చుంటే మాత్రం పడుతుంది.

మరి ఏమీ చేయకుండా ఊరుకోవాలా అంటే, బాబుకు ఇబ్బంది ఉంది కాబట్టి ఒక మెట్టు ముందుకు వెళ్ళవచ్చు. దీనికి స్టీరాయిడ్ క్రీము ఉంటుంది, ఎక్కువగా బీటామెథసోన్ రాస్తాం. బిగుతుగా ఉన్న ఆ వలయం మీద మాత్రమే, పలుచగా, రోజుకు రెండుసార్లు, నాలుగు నుంచి ఆరు వారాలు. ఇది చర్మాన్ని మెత్తబరిచి సాగేలా చేస్తుంది. సరిగ్గా రాస్తే నూటికి డెబ్భై నుంచి తొంభై మందికి ఆపరేషన్ అవసరం తప్పుతుంది. రాయడం ఎలాగో డాక్టరు చేత ఒకసారి చేసి చూపించమనండి. నేనైతే తల్లి చేతే నా ముందు రాయిస్తాను, ఎందుకంటే క్రీము పనిచేయలేదని వచ్చేవాళ్ళలో సగం మంది పైపైన మొత్తం చర్మానికి పూసి, అసలు బిగుతు ఉన్నచోట వదిలేసినవాళ్ళే. వారం పది రోజులు రాశాక, చర్మం తనంతట తాను ఎంతవరకు వెనక్కి వస్తుందో అంతవరకే, నొప్పి లేకుండా జరిపి, వెంటనే ముందుకు తెచ్చేయాలి. ఆ ముందుకు తెచ్చేయడం మర్చిపోకూడదు. కొందరిలో క్రీము ఆపాక మళ్ళీ బిగుతు రావచ్చు, ఇంకో విడత వాడవచ్చు.

క్రీము మెడికల్ షాపులో అడిగి మీరే కొనుక్కోవద్దు. మన దగ్గర ఘాటైన స్టీరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు చీటీ లేకుండానే ఇచ్చేస్తారు. గజ్జికీ, తామరకీ అవే ఇస్తారు. అవి ఈ భాగానికి పనికిరావు. చర్మాన్ని పలుచన చేసి వదులుతాయి.

ఆడపడుచు చెప్పింది నిజమే, అమెరికాలో చాలామందికి చేస్తారు. కానీ అందరికీ కాదు. ఆసుపత్రుల్లో పుట్టిన మగపిల్లల్లో సున్తీ అయినవాళ్ళు 1979లో 64.5 శాతం, 2010 నాటికి 58.3 శాతం. అక్కడ ఆ అలవాటు 19వ శతాబ్దం చివర్లో మొదలైంది, హస్తప్రయోగం మానిపించడానికి అని ఆనాటి డాక్టర్లు ప్రచారం చేశారు. తర్వాత పురుళ్ళు ఆసుపత్రుల్లో పోసుకోవడం పెరిగి, అది ఆసుపత్రి పద్ధతిగా స్థిరపడిపోయింది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో చెప్పిన మాట ఏమిటంటే, లాభాలు ప్రమాదాల కంటే ఎక్కువే, కానీ పుట్టిన ప్రతి మగబిడ్డకీ చేయమని సిఫారసు చేసేంత ఎక్కువ కావు, తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి. కెనడా పిల్లల డాక్టర్ల సంఘం 2015లో అందరికీ చేయడం వద్దంది. నెదర్లాండ్స్ డాక్టర్ల సంఘం 2010లో ఇంకా గట్టిగా, వైద్య కారణం లేకుండా పిల్లలకు చేయవద్దంది. బ్రిటన్‌లో ఒకప్పుడు బాగా డబ్బున్న ఇళ్ళల్లో మామూలుగా చేయించేవారు. పైన చెప్పిన గెయిర్డ్నర్ అయిదేళ్ళలోపు పిల్లలు ఏటా సుమారు 16 మంది ఈ ఆపరేషన్ వల్ల చనిపోతున్నారని రాశాక, కొత్తగా వచ్చిన ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ కూడా కారణం లేని సున్తీలకు డబ్బు ఇవ్వకపోయేసరికి, ఆ అలవాటు బాగా తగ్గిపోయింది. దక్షిణ కొరియాలో అయితే 1945 తర్వాత అమెరికా ప్రభావంతోనే మొదలై, బడి పిల్లలందరికీ చేయించే ఆచారమైపోయి, 2000 తర్వాత మళ్ళీ తగ్గుతూ వస్తోంది. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఇంతగా మారే పద్ధతిని 'అక్కడ అందరికీ చేస్తారు' అన్న ఒక్క కారణంతో మన బాబుకు చేయించనక్కర్లేదు. ఇది చదువుతున్నవాళ్ళలో అమెరికాలో డెలివరీకి సిద్ధమవుతున్నవాళ్ళు ఉంటే, మిమ్మల్ని తప్పకుండా అడుగుతారు. వద్దంటే వద్దనే రాసుకుంటారు, ఎవరూ బలవంతం చేయరు. ముందే ఇద్దరూ మాట్లాడుకుని వెళ్ళండి.

లాభాలు లేవని నేను చెప్పడం లేదు. మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం సున్తీ అయిన పసిపిల్లల్లో బాగా తక్కువ. కానీ మామూలు మగపిల్లలకు ఆ ఇన్ఫెక్షన్ వచ్చేదే నూటికి ఒకరికి. 2005లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం ఒక్క ఇన్ఫెక్షన్ ఆపడానికి 111 మందికి సున్తీ చేయాలి. అదే మూత్రం కిడ్నీల వైపు బాగా వెనక్కి పోయే జబ్బు ఉన్న పిల్లలైతే నలుగురికి చేస్తే ఒకరికి ఆగుతుంది. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు నేనే చేయించమని చెబుతాను. మీ బాబుకు కారణం తెలియని జ్వరాలు, మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షన్ ఎప్పుడైనా వచ్చాయా? మీరు రాయలేదు. వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

హెచ్‌ఐవీ గురించి కూడా వినే ఉంటారు. దక్షిణాఫ్రికా, కెన్యా, ఉగాండాల్లో జరిగిన పరీక్షల్లో, స్త్రీల నుంచి పురుషులకు సోకడం సున్తీ వల్ల దాదాపు 60 శాతం తగ్గిందని తేలింది. 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అలాంటి దేశాలకు సిఫారసు చేసింది. అది ఆ జబ్బు విపరీతంగా ఉన్న చోట్ల, పెద్దవాళ్ళు తమంతట తాము చేయించుకునేది. నాలుగేళ్ళ బాబు విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోవాల్సిన పని లేదు. పెద్దయ్యాక కావాలనుకుంటే వాడే చేయించుకోగలడు. అంగానికి వచ్చే క్యాన్సర్ మాట కూడా ఇలాంటిదే. అది ఎక్కువగా బిగుతు అలాగే ఉండిపోయి, లోపల శుభ్రం చేసుకోలేని మగవాళ్ళలో కనిపిస్తుంది. యుక్తవయసు వచ్చేసరికి చర్మం వెనక్కి వస్తూ, రోజూ కడుక్కుంటుంటే ఆ భయం చాలా మటుకు పోతుంది.

మీ మామగారి సంగతి. షుగర్ అదుపు తప్పినప్పుడు మూత్రంలో చక్కెర పోతూ, అక్కడ ఫంగస్ పెరిగి, చర్మం పదే పదే పగిలి, మానుతూ బిగుసుకుపోతుంది. మన ప్రాంతంలో యాభై అరవై దాటినవాళ్ళలో సున్తీకి ఇదొక ముఖ్య కారణం. ఆయనకు చిన్నప్పుడు చర్మం బాగానే ఉండి ఉంటుంది, ఎన్నో ఏళ్ళ తర్వాత వచ్చిన జబ్బు అది. మనవడికి రాకుండా ఉండాలంటే చూసుకోవాల్సింది బరువు, తిండి, ఆటలు. మీవారి ఆలోచన వెనక ఉన్న ప్రేమ నాకు అర్థమైంది, కానీ యాభై ఏళ్ళ తర్వాత రావచ్చో రాదో తెలియని దాని కోసం నాలుగేళ్ళవాడికి మత్తు ఇచ్చి కోయడం నాకు న్యాయంగా అనిపించదు. వైద్య కారణం లేనప్పుడు ఆ చర్మం గురించి నిర్ణయించుకునే హక్కు వాడిదే అని నా అభిప్రాయం.

'మన ఇళ్ళల్లో చేయించరు' అన్న మాటకు కూడా ఒకటి చెప్పాలి. రేపు బాబుకు నిజంగా మచ్చకట్టిన బిగుతు ఉందని తేలితే, ఎవరో ఏమనుకుంటారని ఆగవద్దు. అపెండిక్స్ ఆపరేషన్‌కు కులం, మతం చూడం కదా, దీనికీ అంతే. పూర్తిగా తీసేయకుండా బిగుతు ఉన్నచోట మాత్రం చిన్న గాటు పెట్టి వెడల్పు చేసి కుట్టే పద్ధతి కూడా ఉంది. బీఎక్స్‌ఓ లేనివాళ్ళకు అది సరిపోవచ్చు. చర్మం ఉంచాలన్న కోరిక గట్టిగా ఉంటే సర్జన్‌ని దాని గురించి అడగండి.

మత విశ్వాసంతో చేయించే ముస్లిం కుటుంబాలు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి వాళ్ళకు రెండు మాటలు. మీ నిర్ణయం గురించి నేను మాట్లాడను, చేయించే తీరు గురించే నా మాట. ముందు మూత్రం వచ్చే రంధ్రం సరిగ్గా మొన మీదే ఉందో లేదో డాక్టరుకు చూపించండి. కొందరు పిల్లలకు రంధ్రం కింది వైపు ఉండి, చర్మం పై వైపు మాత్రమే కప్పినట్టు ఉంటుంది. చూసి "వీడికి పుట్టుకతోనే సున్తీ అయిపోయింది" అని ఇంట్లో సంతోషపడతారు. అది హైపోస్పేడియాస్ అనే లోపం. దాన్ని సరిచేసే ఆపరేషన్‌లో ఆ చర్మమే మాకు కావాలి. ముందే తీసేస్తే ఆ తర్వాత పని చాలా కష్టమవుతుంది. అలాగే తల్లి తరఫు మేనమామల్లో ఎవరికైనా చిన్న దెబ్బకే రక్తం ఆగకపోవడం ఉంటే ముందే చెప్పండి, హీమోఫీలియా పరీక్ష చేయకుండా కత్తి పెట్టకూడదు. ఇంట్లో మత్తు లేకుండా చేయించే రోజులు పోవాలి. ఆసుపత్రిలో, నొప్పి తెలియకుండా చేయించండి.

మళ్ళీ మీ దగ్గరికి. ఆ డాక్టరు గారి మీద కోపం పెట్టుకోకండి, వెళ్ళి అడగండి. 'సార్, ఏం చూసి ఆపరేషన్ అంటున్నారు? మచ్చ కనిపించిందా? ముందు క్రీము వాడి చూడవచ్చా?' జవాబు సూటిగా రాకపోతే పిల్లల సర్జన్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ నిలోఫర్, గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో పిల్లల సర్జరీ విభాగాలు ఉన్నాయి, ఓపీలో చూపించుకోవచ్చు. 'ఎలాగూ హెర్నియా ఆపరేషన్‌కి మత్తు ఇస్తున్నాం, పనిలో పనిగా ఇదీ చేసేద్దాం' అని ఎవరైనా అంటే, అది కారణం కిందకి రాదని గుర్తుపెట్టుకోండి.

ఒకవేళ చేయించాల్సే వస్తే భయపడేంత పెద్దదేమీ కాదు, అలాగని 'చిన్న ఆపరేషనే' అని తేలిగ్గా తీసుకునేదీ కాదు. ఈ వయసులో పూర్తి మత్తు ఇవ్వాలి. దానితో పాటు నడుము కింద గానీ, అంగం మొదట్లో గానీ ఇంజెక్షన్ ఇస్తారు, లేచాక కొన్ని గంటలు నొప్పి ఉండదు. ఆరు గంటల ముందు నుంచి అన్నం, పాలు ఏవీ పెట్టకూడదు. మంచినీళ్ళు ఎంతవరకు ఇవ్వవచ్చో మత్తు డాక్టరు చెబుతారు. జలుబు, దగ్గు ఉంటే వాయిదా వేయమని మీరే అడగండి. సాధారణంగా ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారు. మూడో రోజుకి మొన మీద పసుపుపచ్చ పొర కడుతుంది, చూసి చీము అనుకుంటారు, మానుతున్న చర్మం అది, గీకి తీయకండి. కుట్లు వాటంతట అవే కరిగి రాలతాయి. బట్టకు అంటుకోకుండా వాసెలిన్ లాంటిది రాసి, వదులు లుంగీ గుడ్డ గానీ లాగు గానీ వేస్తే చాలు, వారం పది రోజుల్లో తిరుగుతాడు. గుడ్డ తడిసేంత రక్తం వచ్చినా, సగం రోజు గడిచినా ఉచ్చ పోయకపోయినా ఫోన్ చేసి ఆగకుండా నేరుగా తీసుకెళ్ళండి. కొందరికి నెలలు, ఏళ్ళ తర్వాత మూత్రం రంధ్రం సన్నబడి ధార పక్కకి, పైకి పడుతుంది. అది కనిపిస్తే మళ్ళీ చూపించాలి.

ప్రస్తుతానికి బాబుకు బయటి నుంచి మామూలు నీళ్ళతో కడగడం చాలు. అయిదారేళ్ళు వచ్చాక ఉచ్చ పోసే ముందు చర్మాన్ని వచ్చినంత వరకు వెనక్కి జరిపి, పోశాక ముందుకు తెచ్చి, చివరి చుక్కలు విదిలించడం నేర్పండి. అది నాన్న నేర్పితే బాగుంటుంది. పూర్తిగా వెనక్కి రావడం మొదలయ్యాక స్నానంలో వాడే కడుక్కుంటాడు. ఎనిమిది, పదేళ్ళకి కూడా రాకపోయినా ఇబ్బంది ఏమీ లేకపోతే ఆగవచ్చు. యుక్తవయసు మొదలైనా బిగుతుగానే ఉంటే మాత్రం మళ్ళీ సర్జన్‌కు చూపించండి. ఈ వారంలో డాక్టరు చూసి క్రీము రాస్తే, వాడటం మొదలుపెట్టిన తేదీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఆరో వారం చివర మళ్ళీ చూపించండి. అప్పటికి ఎలా ఉందో ఇక్కడ రాస్తే, తర్వాత ఏం చేయాలో మాట్లాడుకుందాం.